పుట్టబోయేవాళ్ళ సంతకం

రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టేవాళ్ళలో వేలికి సూది దిగనివాడంటూ ఉండడు. దిగుతుంది. పక్క మిషన్ వాడు నవ్వుతాడు. దిగినవాడు వేలు నోట్లో పెట్టుకుని చీకి, సూపర్‌వైజర్ చూసేలోగా మళ్ళీ పనిలో పడతాడు. అంతటితో సరి. మన వీరేష్‌కు మాత్రం అంతటితో సరిపోయేది కాదు. సూది దిగితే అతని వేలు నాలుగు రోజులు కారేది, అరచెయ్యి ఉబ్బి పిడికిలి మూసుకునేది కాదు, వారం రోజుల పని పోయేది. అందుకని అతను ఎడమచేతి చూపుడు వేలికీ బొటనవేలికీ పాత సైకిలు ట్యూబు ముక్కలు చుట్టుకుని కుట్టేవాడు. పదేళ్ళలో సూది రెండే రెండుసార్లు దిగింది. ఆ రెండూ ఏ వారమో, అప్పుడు ఏ రంగు దారం నడుస్తోందో ఇప్పుడు అడిగినా టక్కున చెప్తాడు.

భయం అతనికి ఉగ్గుపాలతో వచ్చింది. అతని తల్లి పేరు పెద్దక్క. ఆమెకు సుంకప్ప అని ఒక తమ్ముడుండేవాడు. ఇరవై ఏళ్ళ వయసులో పన్ను పుచ్చిందని సంతలో పళ్ళు పీకేవాడి దగ్గర కూర్చున్నాడు. పన్ను ఊడింది గానీ నెత్తురు నిలవలేదు. మూడో రోజున పోయాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు వీరేష్‌కు మొదటి పాలపన్ను ఊడినప్పుడు, రెండు రోజులపాటు వాడు నోటి నిండా నెత్తురు ఉమ్ముతుంటే, పెద్దక్క ఇత్తడి తంబెలు నోటి కింద పట్టుకుని పక్కన కూర్చుంది. తమ్ముణ్ణి తిన్న జబ్బే కొడుకును పట్టుకుందని ఆమెకు ఆ రోజే తెలిసిపోయింది. తెలిసినా ఎవరికీ చెప్పలేదు. చెప్తే రేపు వీడికి పిల్లనెవరిస్తారన్నది ఆవిడ లెక్క. ఏడేళ్ళ పిల్లవాడు చస్తాడో బతుకుతాడో తెలియని పూట కూడా పెళ్ళి గురించి ఆలోచించగలిగిన మనిషి ఆమె.

ఇక అక్కణ్ణుంచి చెట్టెక్కకూడదు, బిళ్ళంగోడు ఆడకూడదు, గొర్రెల వెంట పోకూడదు. అయినా ఏమీ తగలకుండానే మోకాలి లోపల నెత్తురు చేరి గుమ్మడికాయలా వాచేది. అట్లా వాచి వాచి కుడికాలు పూర్తిగా చాపడానికి రాకుండా పోయింది. ఊళ్ళో పిల్లలు గాజు వీరేషి అని పేరు పెట్టారు. మగపిల్లవాడికి ఆ పేరు ఎంత నామోషీనో చెప్పనక్కర్లేదు. పదో తరగతి అయ్యాక కూర్చుని చేసే పని కావాలని తల్లీ కొడుకులు రాయదుర్గం చేరారు. ఆ జబ్బుకు హీమోఫీలియా అని పేరుందని, అది నెత్తురు గడ్డకట్టని జబ్బని అతనికి ఇరవయ్యో ఏట బెంగుళూరులో ఒక పెద్దాసుపత్రి వాళ్ళు చెప్పారు. ఆ తర్వాత ఒళ్ళు మరీ మొరాయించినప్పుడు అక్కడికే పోయి ప్లాస్మా ఎక్కించుకుని వచ్చేవాడు.

వీరేష్ అక్క పుష్పావతి అతనికంటే పదకొండేళ్ళు పెద్దది. మడకశిర దగ్గర గొర్రెలు మేపుకునే సోమప్పకు ఇచ్చి చేశారు. మొదట అంజలి పుట్టింది. పేరు పెట్టిన రోజున పుష్పావతి ఆ పసిదాన్ని తీసుకొచ్చి ఏడేళ్ళ తమ్ముడి ఒళ్ళో పడుకోబెట్టి, "ఇదో, నీ పెండ్లాము. కింద పడేసేవు" అంది. అందరూ నవ్వారు. నవ్వులాటకే అన్నా అది మాటే. అక్క కూతురిని తమ్ముడికి ఇవ్వడం ఆ ఇళ్ళల్లో ఎప్పటినుంచో ఉన్నదే. పైగా గాజు మనిషికి బయటివాళ్ళు పిల్లనివ్వరు, తోడబుట్టింది తప్ప.

అంజలి తర్వాత పుష్పావతికి ఒక కొడుకు పుట్టాడు. తొమ్మిదో నెలలో మంచం మీది నుంచి పడ్డాడు. తల వాచి, కళ్ళు తేలేసి, మూడో రోజున పోయాడు. తల్లి గొర్రెల దొడ్డికి పోతూ బిడ్డను చూస్తుండమని ఏడేళ్ళ అంజలికి అప్పగించి పోయిన పూట అది. ఆ పిల్ల వాకిట్లో పిచ్చుకలను చూస్తూ కూర్చుందట. కూతురిని పుష్పావతి కొట్టలేదు, తిట్టలేదు. మళ్ళీ ఏ చంటిబిడ్డనూ ఆమె చేతికి ఇవ్వలేదు.

ఇంటర్ అయ్యాక అంజలి అవ్వ దగ్గరికని రాయదుర్గం వచ్చి, వీరేష్ పనిచేసే యూనిట్‌లోనే దారాలు కత్తిరించే పనిలో చేరింది. సాయంత్రం యూనిట్ గేటు దగ్గర కలిసినప్పుడు ఆమె ముందు అతని మొహం చూసేది కాదు, చేతులు చూసేది. పది వేళ్ళూ బాగున్నాయని తేలాకే మాట కలిపేది. "ఈ పొద్దు గాజు పగల్లేదు" అని ఎగతాళి చేసేది. ఊళ్ళో పిల్లలు అంటే కాలిన ఒళ్ళు ఆమె అంటే చల్లబడేది. వీరేష్‌కు ఆ పిల్ల మీద ప్రాణం. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోవలసిన పని లేకుండానే అందరూ పెళ్ళి అనుకుంటున్నారు కాబట్టి, అతని బతుకులో భయం లేని విషయం అదొక్కటే.

రెండువేల రెండులో, అతనికి ఇరవయ్యారు, అంజలికి పందొమ్మిది ఉండగా, మోకాలు వాచి వీరేష్ బెంగుళూరు పోయాడు. అక్కడ డాక్టర్ సరళ అని ఒకామె ఉండేది. హిందూపురం మనిషి, తెలుగులో మాట్లాడుతుందని మనవాళ్ళంతా ఆమె గది ముందే క్యూ కట్టేవాళ్ళు. ప్లాస్మా ఎక్కడం అయ్యాక ఆమె వీరేష్‌ను గదిలోకి పిలిచి తలుపు వేసింది. డాక్టరు తలుపు వేసేసరికి అతనికి చెమటలు పట్టాయి.

"మీకొక సంగతి చెప్పాలి. ఒప్పుకోమని చెప్పడం లేదు, వినండి చాలు" అంది సరళ. "నెత్తురు గడ్డకట్టాలంటే ఒంట్లో పన్నెండు రకాల సరుకులు కలవాలి. మీకు తొమ్మిదో నంబరుది తయారు కాదు. దాన్ని ఎట్లా చెయ్యాలో రాసి ఉండే జన్యువులో పుట్టుకతోనే తప్పుంది. ఇప్పుడేం చేస్తున్నారంటే, ఒక వైరస్‌ను తీసుకుని, దాంట్లో ఉన్నదంతా తీసేసి, తప్పులేని జన్యువును పెట్టి, కాలేయానికి పోయే నరంలోకి ఎక్కిస్తారు. అది కాలేయంలో కుదురుకుంటే ఆ సరుకు తయారవుతుంది. నెత్తురు నిలుస్తుంది."

వీరేష్ దాన్ని తన పని భాషలోకి మార్చుకున్నాడు. కటింగ్ మాస్టర్ దగ్గర అట్ట ప్యాటర్న్ ఉంటుంది. ఆ అట్టలో జేబు తప్పితే వెయ్యి ప్యాంట్లకూ జేబు ఉండదు. ఇప్పుడు వీళ్ళు కొత్త అట్ట తెచ్చి పెడతారన్నమాట.

"వైరస్ అంటే రోగమే గదా మేడం?"

"రోగం తెచ్చే గుణం తీసేసిందే. అయినా మీరు భయపడటంలో తప్పు లేదు. మూడేళ్ళ కిందట వేరే దేశంలో, వేరే జబ్బుకు, ఇట్లాంటి ప్రయోగంలోనే ఒక కుర్రవాడు చనిపోయాడు. అది చెప్పకుండా మీ సంతకం తీసుకుంటే తప్పు. ఇది ఇంకా మందు కాదు వీరేష్. మందవుతుందో లేదో చూసే పరీక్ష. మీకు మేలు జరగకపోవచ్చు, కాలేయం దెబ్బతినొచ్చు. వద్దంటే ఇప్పుడిచ్చే వైద్యం ఎప్పట్లాగే ఇస్తాం."

తెలుగులో అచ్చు వేసిన పద్నాలుగు పేజీలు ముందు పెట్టి ఆమె ఒక్కొక్కటే చదివి చెప్పింది. పదకొండో పేజీ దగ్గర ఏ బెరుకూ లేకుండా అంది: "ఎక్కించాక కొన్ని నెలలు మీ వీర్యం కూడా పరీక్షిస్తారు. వైరస్ దాంట్లో కనపడితే పరీక్ష మొత్తం ఆపేస్తారు."

ఆడమనిషి నోట ఆ మాట విని సిగ్గుతో తల దించుకున్నవాడు, మరుక్షణమే ఎత్తాడు. "ఎందుకు ఆపేది?"

"విత్తనంలోకి పోకూడదు. మీ ఒంటికే పరిమితం కావాలి."

"అంటే పుట్టే పిల్లోళ్ళకు ఈ జబ్బు పోదా?"

"పోదు. మీకు నయమైనా, మీనుంచి వాళ్ళకు పోయేది ఆ పాత జన్యువే."

"విత్తనంలోకి పోతే మంచిదే గదా మేడం. వాళ్ళకూ బాగయితాది."

సరళ కాగితం పక్కకు జరిపింది. "బాగవుతుందో, ఇంకేదైనా చెడుతుందో ఇవాళ ఎవరికీ తెలియదు. తెలియకపోయినా మీరు సంతకం పెట్టొచ్చు, ఒళ్ళు మీది. పుట్టబోయేవాళ్ళ సంతకం ఎవరు పెడతారు?"

సూది పడితే జబ్బు వంశంలోంచే పోతుందని వీరేష్ ఈ గదిలో కూర్చున్న పది నిమిషాల్లోనే ఆశ పెట్టుకున్నాడు. ఏది జరగాలని అతను మొక్కుకుంటాడో, సరిగ్గా అదే జరగకుండా చూడ్డానికి వీళ్ళు కాపలా కాస్తున్నారు.

"పెళ్ళి చేసుకునే ఉద్దేశం ఉందా?" అని అడిగింది ఆమె కాగితం మీద ఏదో రాసుకుంటూ.

"కుదిరిపోయినాది మేడం. మా అక్క కూతురే."

ఆమె కలం ఆగింది. అక్కకు కొడుకులున్నారా అని అడిగింది. ఒకడుండేవాడని, మంచం మీది నుంచి పడి పోయాడని వీరేష్ చెప్పాడు.

"ఎంత ఎత్తు మంచం?"

అతను చెయ్యి చాపి చూపించాడు. మోకాలెత్తు కూడా లేదు. సరళ ఆ చేతిని చూస్తూ ఉండిపోయింది. ఆమె ఏం చూస్తోందో అర్థమైన క్షణాన వీరేష్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఆ ఎత్తు నుంచి రోజూ ఎంతమంది పిల్లలు పడటం లేదు" అని మెల్లగా అంది ఆమె. "మీ అమ్మ నుంచి మీకు వచ్చింది, మీ అక్కకూ వచ్చింది. ఆడవాళ్ళలో అది దాగి ఉంటుంది, చాలామందిని బాధపెట్టదు. మీ అక్క నుంచి ఆ పిల్లవాడికి వచ్చింది. ఆ అమ్మాయిలో ఉండొచ్చు, ఉండకపోవచ్చు, సగానికి సగం. ఆమెలో కూడా ఉండి మీరిద్దరూ పెళ్ళి చేసుకుంటే, మీకు పుట్టే ఆడపిల్లలకు కూడా మీ జబ్బే రావొచ్చు. నెలనెలా నెత్తురు పోయే ఆడపిల్లకు ఈ జబ్బంటే ఏమిటో ఆలోచించండి. ఆమెలో ఉందో లేదో తెలుసుకునే పరీక్ష ఉంది. కానీ ఆ అమ్మాయికి అంతా తెలిసి, తనంతట తానే రావాలి."

రాయదుర్గం బస్సులో వీరేష్ ఆ మాట ఎన్నిసార్లు నెమరేసుకున్నాడో లెక్కలేదు. తన పన్ను ఊడినప్పటి తంబెలు గుర్తొచ్చింది. తమకు పుట్టబోయే ఒక ఆడపిల్ల కళ్ళముందు కదిలింది, పదమూడేళ్ళది, మూల కూర్చుని, నెత్తురు నిలవక. ఆ పిల్లకు అంజలి కళ్ళు.

ఇంటి గుమ్మంలోనే పెద్దక్క ఎదురొచ్చింది. "ఏమన్నారప్పా?"

"కొత్త మందొచ్చినాదంట. నాలుగైదు నెల్లకు నాకు ఎక్కిస్తారంట" అన్నాడు వీరేష్. అంతే అన్నాడు.

పెద్దక్క మాత్రం ఆగలేదు. కొడుక్కి నయమవుతుందని వీధంతా చెప్పుకుంది. పుష్పావతికి కబురు పెట్టింది. పుష్పావతి వచ్చి, "సూది పడినాక మాఘమాసంలో చేసేద్దాము" అని తమ్ముడి తల నిమిరింది. పాపం, జబ్బు పోతే దాంతోపాటు అన్నీ పోతాయని వాళ్ళ నమ్మకం. జ్వరం పోయినవాడి పిల్లలకు జ్వరం ఉంటుందా? వాళ్ళకు తెలిసిన జబ్బులన్నీ అట్లాంటివే.

వీరేష్ అన్నం సయించక నెల రోజులు తిరిగాడు. చెప్తే అంజలి పోతుంది. చెప్తే ఆడవాళ్ళ వరసలో జబ్బుందని ఊరంతా పాకి ఆ పిల్లను ఎవరూ చేసుకోరు. చెప్తే కొడుకు తన కడుపులోంచే చావు తీసుకుని పుట్టాడని అక్కకు తెలుస్తుంది. చెప్పకపోతే ఆ మూల కూర్చున్న పదమూడేళ్ళ పిల్ల ఉంది. ఎటు తిరిగినా భయమే. మిషన్ మీద కుట్టు వంకర పోతుంటే సూపర్‌వైజర్ తిట్టాడు. చివరికి, పిరికివాళ్ళకు తోచే ఉపాయమే అతనికీ తోచింది. పరీక్షలో అంజలికి లేదని తేలితే ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు కదా.

"మందెక్కించే ముందు పోలిక చూడనీకి ఇంట్లోవాళ్ళ నెత్తురు రవ్వంత కావాలంట" అని అంజలితో అన్నాడు.

"నా నెత్తురా? ఎంత కావాల్నో తీసుకోమను. నాదైతే నిలుస్తాది" అని నవ్వింది అంజలి.

బెంగుళూరులో సరళ ముందు ఆమె చెయ్యి చాపి కూర్చుంది. సరళ రబ్బరు పట్టీ కట్టి, సిరంజి తీసి, అడిగింది. "ఈ పరీక్ష ఎందుకో తెలుసా అమ్మా?"

"మామకు మందెక్కించనీకి."

సరళ వీరేష్ వైపు చూసింది. ఆ చూపుకు అతను గోడ దగ్గరికి జరిగాడు. ఆమె పట్టీ విప్పి, సిరంజి ట్రేలో పెట్టేసింది. "నేను బయట ఉంటాను. మీరు చెప్పండి. అంతా చెప్పాక, ఆమె పిలిస్తేనే నేను లోపలికి వస్తాను" అని తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

వీరేష్ చెప్పాడు. నేల చూస్తూ, మాట మాటకూ ఆగుతూ, సుంకప్ప మామ దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాడు. అంజలి మధ్యలో ఒక్కసారే మాట్లాడింది.

"తమ్ముడు?"

"ఆ ఎత్తు నుంచి పడితే ఎవురూ సావరంట. జబ్బు ఉండబట్టే లోపల నెత్తురు నిలవల్యా."

అంజలి తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది. "పన్నెండేండ్లుగా మా అమ్మ నా చేతికి చంటిబిడ్డను ఇయ్యలేదు మామా. ఊర్లో ఎవురికన్నా కాన్పయితే నన్ను పిలుచుకోని పోదు." తలెత్తింది. "నీకు ఎప్పుడు తెలిసినాది?"

"పోయిన నెల."

"నెల దినాలు నాతో కూచోని అన్నం తింటివే."

ఆమె లేచి తలుపు తీసి, డాక్టర్ను తనే పిలిచింది. కాగితం చదివించుకుంది. సంతకం పెట్టింది. చెయ్యి చాపి, సూది దిగుతుంటే పక్కకు తిరక్కుండా చూసింది. "పరీక్షలో ఏం వచ్చినాదో నాకొక్కదానికే చెప్పండి మేడం. మామకొద్దు, మా అమ్మకొద్దు" అంది. తిరుగు బస్సులో ఆమె ఆడవాళ్ళ సీటులో ముందు కూర్చుంది.

రెండు నెలల తర్వాత ఫలితం కోసం ఒక్కతే పోయి వచ్చింది. మర్నాడు పొద్దున్నే మూట సర్దుకుని, "నాకు ఈ పెళ్ళొద్దు అవ్వా" అని ఊరికి బస్సెక్కింది. ఆ తర్వాత జరిగిన రచ్చ అంతా ఇంతా కాదు. పెద్దక్క శాపనార్థాలు పెట్టింది. సోమప్ప కూతురి మీద చెయ్యెత్తాడు. ఎందుకు వద్దో ఆమె ఎవరికీ చెప్పలేదు. తల్లిని మాత్రం దొడ్డి వెనక్కి పిలుచుకుపోయి, తమ్ముడు తన అజాగ్రత్త వల్ల పోలేదని డాక్టరు చెప్పిన మాట చెప్పిందట. పుష్పావతి ఆ రోజు గొర్రెలు విప్పలేదని, కూతురిని పట్టుకుని పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుందని ఊళ్ళో అనుకున్నారు.

వీరేష్‌కు మాత్రం ఏమీ అడగనక్కర్లేకపోయింది. పరీక్షలో ఉందనే వచ్చింది, అందుకే వద్దంది, అనుకున్నాడు. తమ ఇంటి జబ్బు ఆ పిల్ల ఒంట్లో కూడా ఉందన్న మాట ఆమె నోటితో వినాల్సి వస్తుందని ఆమె ఉన్న పెళ్ళిళ్ళకు పేరంటాలకు పోవడం మానేశాడు. తను మాత్రం పద్నాలుగు పేజీల మీదా సంతకం పెట్టాడు. పెట్టి, తేదీ దగ్గరపడే కొద్దీ ఒంట్లోకి వైరస్ పాకుతున్నట్టు ఊహించుకుని వణికాడు. ఇంకో వారం ఉందనగా ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. వేరే దేశంలో ముందుగా ఎక్కించుకున్న ఒకరి వీర్యంలో వైరస్ జాడ కనపడిందని, పరీక్ష ఆపేశారని. పెద్దక్క గుండెలు బాదుకుంది. వీరేష్ ఆ పూట చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు, తిన్నందుకు సిగ్గుపడ్డాడు. కొన్నాళ్ళకు ఆ జాడ దానంతట అదే పోయిందని సరళ చెప్పింది గానీ, ఇక్కడ మాత్రం ఆ పరీక్ష మళ్ళీ మొదలుకాలేదు.

రెండేళ్ళకు అంజలిని కళ్యాణదుర్గం వైపు బస్సు కండక్టర్ తిప్పేస్వామికి ఇచ్చి చేశారు. రెండువేల ఏడులో కొడుకు పుట్టాడని కబురొచ్చినప్పుడు వీరేష్ మిషన్ ఆపేసి యూనిట్ వెనక గోడ దగ్గరికి పోయి కూర్చున్నాడు. మగబిడ్డ. సగానికి సగం. బిడ్డను చూడ్డానికి పదకొండు నెలలు పోలేదు. మోకాలనీ, ఆర్డర్లనీ సాకులు చెప్పాడు. చివరికి పుష్పావతే వచ్చింది.

"బిడ్డకు చెవులు కుట్టించాల. మేనమామ ఒళ్ళో కూచోబెట్టాల గదప్పా. నా బిడ్డకు తోడబుట్టినోడు లేకపాయె. ఆ వరసకు నువ్వే ఉండావు. రానంటే నా మీద ఒట్టే."

చెవులు కుట్టించడమంటే విన్న వీరేష్‌కు పై ప్రాణం పైనే పోయింది. సుంకప్పకు పన్ను, తనకు సూది, ఇప్పుడు వీడికి బంగారు తీగ. వద్దని చెప్పాలంటే ఎందుకో చెప్పాలి, చెప్తే తిప్పేస్వామి ఇంట్లో అంజలి బతుకేమవుతుంది? ఆమెకు తెలిసి కూడా ఎట్లా ఒప్పుకుంది? అత్తగారింట్లో చెప్పలేక నోరు మూసుకుందేమో. ఆపగలిగిన వాణ్ణి తనొక్కడే. ఆ భయంతోనే బస్సెక్కాడు.

సోమప్ప ఇంటి ముందు కంబళి పరిచారు. వీరేష్ చాపలేని కాలును పక్కకు పెట్టుకుని కూర్చుంటే, అంజలే కొడుకును తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. బొద్దుగా, బరువుగా ఉన్నాడు. చొక్కా గుండీ పట్టుకుని లాగాడు. వీరేష్ కళ్ళు వాడి మోకాళ్ళ మీద, మోచేతుల మీద కమిలిన నల్లటి మచ్చల కోసం వెతికాయి. బంగారు పనిచేసే ఆచారి తీగ మొన సానబెట్టి, నూనెలో ముంచి ముందుకు వంగాడు.

వీరేష్ బిడ్డ చెవిని అరచేత్తో మూసేశాడు.

"చెయ్యి తియ్యప్పా" అన్నాడు ఆచారి.

"ఈ బిడ్డకు కుట్టేది వద్దు."

తిప్పేస్వామి ఏమైందని అడుగుతూ ముందుకు వచ్చాడు. వీరేష్ చెయ్యి తీయలేదు. అంజలి వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుని, కొడుకు బట్టలు సర్దుతున్నట్టు వంగి, అతనికొక్కడికే వినపడేట్టు మాట్లాడింది.

"పరీక్షలో ఏం వచ్చినాదనుకుంటివి మామా?"

"ఉండాదనే గదా. అందుకే గదా నువ్వు వద్దంటివి."

"నాలో లేదు. లేదని రాసిచ్చినారు. కాయితం నా పెట్టెలోనే ఉండాది."

వీరేష్ ఆమె మొహంలోకి చూశాడు. ఎన్నేళ్ళ తర్వాతో అంత దగ్గరగా చూడటం. "లేకుంటే మరి..." అని ఆగిపోయాడు.

"నెత్తురు కోసరం కాదు మామా. నాకు చెప్పకుండా నన్ను సూది కాడికి తోలుకోని పోతివి. ఆ పొద్దు డాక్టరమ్మ అడగకుంటే, తర్వాతన్నా చెప్పేవాడివేనా?"

చెప్పేవాణ్ణే అనాలని నోరు తెరిచాడు. ఆ నెల రోజులూ, బస్సులో ఆమె పక్కన కూర్చుని పోయిన ఆ ప్రయాణమూ గుర్తొచ్చాయి. లేదని తేలితే చచ్చేదాకా చెప్పి ఉండేవాడు కాదు. అది అతనికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

"చెప్పేవాణ్ణి కాదు" అన్నాడు.

అంజలి తల ఊపింది. కోపంగా లేదు. "అడిగి ఉంటే, జబ్బు ఉన్నా లేకున్నా, నేనేమనేదాన్నో ఏమో" అంది. అతని వేళ్ళను ఒక్కొక్కటే బిడ్డ చెవి మీది నుంచి విప్పి, ఆచారి వైపు తిరిగింది. "కుట్టు సామీ."

తీగ దిగింది. బిడ్డ ఆకాశం అదిరేలా ఏడ్చాడు. చెవితమ్మె మీద ఆవగింజంత నెత్తురు పొడిచింది. వీరేష్ దాన్నే చూశాడు. అది కారలేదు. అక్కడే గడ్డకట్టి, నల్లబడి, ఆగిపోయింది. ఒళ్ళో బిడ్డను గట్టిగా పట్టుకుని, అందరి ముందూ వెక్కివెక్కి ఏడుస్తున్న ఆ ముప్పై రెండేళ్ళ మనిషిని చూసి, మేనమామ మనసు ఎంత మెత్తనో అని ఆడవాళ్ళు ముచ్చటపడ్డారు. రెండో చెవి ఇటు తిప్పమని ఆచారి అతనికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.